తారీఖుల చుట్టరికం

నాకో పిచ్చి ఉందండి. బస్సు టిక్కెట్టు నంబరైనా, శుభలేఖలో తారీఖైనా సరే, అది ప్రధాన సంఖ్యేనా అని చూడందే వదలను. అంటే ఒకటితోనూ, తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడనిదన్నమాట.

మా అమ్మ 73 ఏళ్లు నిండి పోయింది. అప్పటికి నాకు 37. రెండూ ప్రధాన సంఖ్యలే, ఒకదాన్ని తిరగేస్తే రెండోది. పైగా ప్రధాన సంఖ్యల వరుసలో 73 ఇరవై ఒకటోది, 37 పన్నెండోది. 21ని తిరగేస్తే 12! కర్మకాండ అయ్యాక ఇదంతా కాగితం మీద వేసుకుని, ఇందులో ఏదో అర్థం ఉందని ఊరట పడ్డాను.

మా ఆవిడ చూసి, "అత్తయ్యగారు ఇంకో ఏడాది ఉంటే ఏం చేసేవారు?" అంది.

ఏం చేస్తాను? అమ్మ నన్ను తన 37వ ఏట కన్నది, 74 దానికి సరిగ్గా రెట్టింపు అనేవాణ్ణి!

అంకెలు అబద్ధమాడవు. కానీ అమ్మ పుట్టకముందూ 73 ప్రధాన సంఖ్యే. చుట్టరికం కలిపింది నేను.

ఆట మానలేదు లెండి. 73 కనబడితే అమ్మ గుర్తొస్తుంది. తలుచుకోవడానికి ఓ వంక దొరికితే తప్పేముంది? అమ్మాయి పెళ్లి తారీఖు మాత్రం ఆ అంకెల్ని అడిగి పెట్టను.