బిడ్డను ఎంతవరకు దిద్దవలెను?



బిడ్డ తప్పు చేయుచుండగా చూచి ఊరకుండుట ప్రేమ కాదని మనమందరము ఎరుగుదుము. అయితే కనబడిన ప్రతి తప్పును అప్పటికప్పుడే చెప్పివేయుట ప్రేమయగునా? ఈ ప్రశ్న మాకు వేదాంత కళాశాలలో ఎదురుపడలేదు. గణపవరములో, దాళ్వా కోతలైన పొలములో, సాఫ్ట్‌బాల్ ఆట యొద్ద ఎదురుపడెను. సంఘ పత్రికలో ఆటల మాటలేమిటని పెద్దలు కొందరు నవ్వవచ్చును. చివరివరకు చదివి నవ్వవలెనని మనవి.

మన పల్లెలలో క్రికెట్ తెలియని పిల్లవాడు లేడు గాని సాఫ్ట్‌బాల్ ఎరిగిన పెద్దలు తక్కువ. 1887లో అమెరికాలోని చికాగో పట్టణమందు, చలికాలములో ఇంటిలోపల ఆడుకొనుటకై కొందరు యువకులు ఒక బాక్సింగ్ తొడుగును బంతిగా చుట్టి కర్రతో కొట్టుటచేత ఈ ఆట పుట్టెను. పేరునకు మెత్తని బంతియే గాని నేటి బంతి మెత్తనిది కాదు. చుట్టుకొలత 12 అంగుళములు. విసరువారు చేతిని క్రిందినుండి త్రిప్పి విసరుదురు. బంతి నేలను తాకకయే కొట్టువారి యొద్దకు వచ్చును. స్త్రీల ఆటలో ఈ దూరము 43 అడుగులు మాత్రమే. గంటకు 60 మైళ్ల వేగముతో విసరిన బంతి అర సెకండులోపలనే వచ్చి చేరును.

మా సంఘములో చేపల చెరువు మీద పనిచేయు ఒక సహోదరుని కుమార్తె తొమ్మిదవ తరగతి చదువుచు ఈ ఆట ఆడుచుండెను. జిల్లా జట్టు ఎంపికలు రెండు నెలలలో ఉన్నవని విని, మేమే నేర్పెదమని పూనుకొంటిమి. మేము యౌవనములో క్రికెట్ ఆడినవారము. ఆ కొద్దిపాటి తెలివియే ఆ బిడ్డకు చేటు తెచ్చెను. క్రికెట్‌లో బ్యాటును నిలువుగా దింపుట నేర్చుకొంటిమి. ఇక్కడ అది నడుము చుట్టు తిరుగవలెను. తరువాత ఆ సంగతి తెలిసికొంటిమి గాని, అంతటితో ఊరకుండక తెలిసినదంతయు ఆమెపై కుమ్మరించితిమి. “మోచెయ్యి ఎత్తమ్మా, తల కదపకు, మోకాలు వంచు, ముందుకాలు చిన్నగా వెయ్యి, బంతి మీదే చూపు” అని ప్రతి బంతికిని ఒక మాట. వీటిలో అబద్ధమేదియు లేదు. కాని అర సెకండులో ఏ బిడ్డ అయిదు మాటలు జ్ఞాపకము చేసికొనగలదు? పాపము, బంతి వచ్చునప్పటికి ఆమె బంతిని చూచుట మాని తన మోచేతిని చూచుకొనుచుండెను.

ఎంపిక దినమున గీత ప్రక్కనే నిలిచి కేకలు వేసితిమి. మూడు బంతులు తప్పిపోయెను. మరల అవకాశమిచ్చిరి, మరల మూడును తప్పిపోయెను. ఆమె పేరు పిలువబడలేదు. ఆ సాయంకాలము తల్లి మా యింటికి వచ్చి, “ఇంక బ్యాటు ముట్టుకోనంటందండి అయ్యగారూ” అని గుమ్మములోనే నిలువబడెను.

ఆ రాత్రి మమ్మును మేము పరీక్షించుకొంటిమి. బంతి తగిలిన దినమున “మేము చెప్పినట్లు చేసినది” అంటిమి. తగులని దినమున “మేము చెప్పినది వినలేదు” అంటిమి. ఏ విధముగానైనను గెలిచినవారము మేమే. ఓడినది ఆ బిడ్డ. అట్లయిన మేము ఎవరి కొరకు దిద్దుచుంటిమి?

సౌలు దావీదునకు తన యుద్ధకవచమును తొడిగించిన సంగతి మీరెరుగుదురు. ఆ బాలుడు వాటితో నడువలేక తీసివేసెను. సౌలు కోపగించుకొనెనని గాని, మరల తొడుగుకొమ్మని బలవంతము చేసెనని గాని వ్రాయబడలేదు. అనేక విషయములలో తప్పిపోయిన ఆ రాజు ఈ యొక్క చోట మాకంటె నయముగా కనబడుచున్నాడు. మేము ఆమె చేతికిచ్చిన బ్యాటు పెద్దపిల్లలది. ఊపుట మొదలుపెట్టగానే దాని కొన క్రిందికి జారుచుండెను. బరువు ఎక్కువైనదనుటకు అది గురుతు. మేమో, అది ఆమె మోచేతి తప్పని చెప్పుచుంటిమి.

కొన్ని వారములైన తరువాత ఆమె తండ్రిని చూడబోతిమి. ఆయన చెరువు గట్టున విసురు వల చేతబట్టి యుండెను. మాటల నడుమ వల విసరెను. మొదట పాదము నేలను ఊనెను, దాని వెంట నడుము తిరిగెను, భుజములు తిరిగెను, చేతులు కడపట వచ్చెను. వల గుండ్రముగా విచ్చుకొని నీటిపై పడెను. మేము నిలిచిపోయితిమి. కొట్టుటలోని బలము కూడ ఇట్లే క్రిందినుండి పైకి రావలెను. చేతులు తొందరపడినయెడల బ్యాటు తిరుగును గాని బలముండదు. “చేతుల్తో ఇసిరితే వల ముద్దగా పడుద్దండి. నడుం తిరగాల, చేతులు ఎనకాలొత్తాయి” అని ఆయన చెప్పెను. ఆయన సాఫ్ట్‌బాల్ ఎన్నడును చూడలేదు.

ఆ బిడ్డ చిన్ననాటినుండి ఆ వల ఎరిగినదే. తేలికైన బ్యాటు ఒకటి తెప్పించితిమి. వెదురుబొంగు పాతి, కొనకు సైకిలు ట్యూబు ముక్క కట్టి, దానిమీద బంతి నిలిపితిమి. కదలని బంతిని కొట్టునప్పుడు భయముండదు. “వల విసిరినట్టే కొట్టు తల్లీ” అని తండ్రి ఒక్క మాట చెప్పెను. మేము ఏమియు చెప్పలేదు. ఇది వ్రాయుటకు సులువు. ఆ గంట గడపుట మాత్రము మాకు మహా కష్టమాయెను. మోచేయి తనంతట తానే సర్దుకొనెను.

ఏలీ తన కుమారులను అడ్డగింపక పోయినందున కీడు కలుగలేదా యని ఒక పెద్ద మమ్ము అడిగెను. మంచి ప్రశ్నయే. ఆ కుమారులు దేవుని అర్పణను తృణీకరించి, జనులకు అన్యాయము చేసిరి. అట్టిది కనబడిన క్షణమే అడ్డుకొనవలెను. ఈ పిల్లయు ఒకసారి బంతిని కొట్టి పరుగెత్తునప్పుడు బ్యాటును వెనుకకు విసరివేసెను; అది వెనుక కూర్చున్న పిల్లకు తగిలియుండెడిది. అప్పుడు గట్టిగానే మందలించితిమి, మందలించినందుకు చింతలేదు. కాని వంగిన మోచేయి పాపము కాదు. ఈ రెంటిని ఒకే గొంతుతో మందలించిన బిడ్డకు దేనికి భయపడవలెనో తెలియకపోవును.

ఈ సంవత్సరము ఎంపికలు మరల జరిగెను. మేము వెళ్లితిమి గాని గీత యొద్ద నిలువక, దూరముగా చెట్టునీడను ఆమె తండ్రి ప్రక్కన కూర్చుంటిమి. ఆమె పాదములు సరిచేసికొని నిలిచెను. మొదటి బంతి తప్పిపోయెను. మేము నోరు తెరచి, మరల మూసికొంటిమి.