చందయ్య పేనిన త్రాడు



బసవేశ్వరుని కాలమున కల్యాణమునందు నులియ చందయ్య అను శరణుడు ఉండెను. చెరువుల వెంట పెరిగెడు గడ్డిని కోసి తెచ్చి, ఎండబెట్టి, నులిమి, పేని, త్రాళ్లు చేసి అమ్ముట ఆయన కాయకము. వచ్చిన దానితో జంగమ దాసోహము నడుపుట ఆయన నియమము. ఒకనాడు నీటిలో దిగి గడ్డి కోయుచుండగా మెడలోని ఇష్టలింగము జారి నీట పడెనట. చందయ్య పని ఆపలేదు. మోపు తలకెత్తుకొని ఇంటిదారి పట్టెను. లింగమే వెంటబడి తన్ను మరల ధరింపుమని వేడెననియు, మడివాళ మాచయ్య నచ్చజెప్పిన మీదట చందయ్య సమ్మతించెననియు, అప్పుడును ఊరక కూర్చుండుట కుదరదనుచు త్రాడు అమ్మివచ్చు పనిని లింగమునకే ఒప్పగించెననియు పరంపరలో చెప్పుదురు. శూన్యసంపాదనలో ఈయన ప్రసంగమునకు ప్రత్యేక స్థానము కలదు.

ఈ కథ వినువారు లింగము వెంటబడిన వింతను తలచి మురిసి, త్రాటిని మరచుదురు. చందయ్య పేనిన త్రాడు ఎందులకు? బావి చేదకు, ఎద్దు మెడకు, బండిమోకునకు, గోడ కట్టువాని పరంజా కట్టునకు. త్రాడు తెగిన చోట ఒకడు కడవను పోగొట్టుకొనును, ఇంకొకడు ప్రాణమును పోగొట్టుకొనును. పురి గుల్లగా పడినచో అది చూపునకు అందదు, బరువు పడిన నాడే తెలియును. కనుక త్రాడు పేనువాని కాయకము పరుల ప్రాణముతో ముడివడిన కాయకము. ఆ పనిని లింగపూజకు ఒక మెట్టు తగ్గించి చూచుటకు చందయ్య ఒప్పుకొనకపోవుటలో ఈ అర్థము కూడ కలదు.

ఆ కల్యాణమే నేటి బసవకల్యాణము. హైదరాబాదు నుండి జహీరాబాదు మీదుగా పడమటికి సాగు రహదారి పట్టినచో ఒక పూట ప్రయాణము. ఆ రహదారి నగరమును విడుచు చోటికి దక్షిణముగా మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి కలవు. ఒకప్పుడు అవి గుండ్లు, గుట్టలు, చెరువులు గల పల్లెలు. 1998 నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. దాని అంతస్తులు పది. ఆనాడు దానిని చూచుటకు జనులు తలలెత్తిరి. నేడు ఆ చుట్టుప్రక్కల నిలిచి చూచువానికి అది పొట్టిదిగా తోచును. నానక్‌రామ్‌గూడ, కోకాపేట దిక్కున యాభై అంతస్తులను మించిన సౌధములు లేచినవి. 1591లో కట్టిన చార్మినారు మీనారులు నాలుగు వందల యేండ్లకు పైగా నగరమునకు ఎత్తునకు గుర్తు. ఇప్పుడు అట్టి ఎత్తును టవర్ క్రేన్లు కొలది నెలలలో దాటిపోవుచున్నవి.

వీనిని కట్టినవారెవరు? పాలమూరు కూలీలు ఒక తరమున ఆనకట్టలు కట్టిరి, కాలువలు త్రవ్విరి, దేశమంతట మట్టి మోసిరి. ఈ మేడల పునాదులలోను వారి చెమట కలదు. పై అంతస్తులలో ఇనుము కట్టువారు, సెంట్రింగు బిగించువారు, రంగులు వేయువారు, గాజు పలకలు అమర్చువారు అనేకులు ఒడిస్సా, బీహారు, జార్ఖండు, బెంగాలు నుండి వచ్చినవారు. వారి మాట వేరు, దేవుని పిలుచు పేరు వేరు. అనుభవ మంటపమున కులమడుగు ఆచారము లేదు కనుక ఈ భేదమును గూర్చి లింగవంతులకు వేరుగ చెప్పవలసినది లేదు.

కట్టడము ముగిసినను ఎత్తున పని ముగియదు. గాజుగోడల మేడకు ఏటేట స్నానము కావలెను. నగరపు ధూళి దానిపై పేరుకొనును. కొన్ని చోట్ల మిద్దెపై నుండి ఉక్కు తీగలకు వ్రేలాడు తొట్టి ఉండును. పనివారు దానిని ఝూలా అందురు. మోటారు దానిని ఎక్కించును, దింపును. ఝూలా అందని మూలలకు మనిషి త్రాటిపైననే దిగవలెను. తొడలకు, నడుమునకు, భుజములకు పట్టీలు బిగించిన బెల్టు తొడుగుకొని, బకెట్టు ప్రక్కన వ్రేలాడగట్టుకొని, పిట్టగోడ దాటి వెనుకకు అడుగు వేయును. ఆ మొదటి అడుగే కష్టమందురు. దిగిన పిదప ఎదుట గాజు, వెనుక ఆకాశము. చైత్ర వైశాఖముల ఎండ వీపునను కాల్చును, గాజుపై పడి తిరిగి ముఖమునను కాల్చును.

ఈ పనిలో త్రాళ్లు రెండు ఉండవలెను. ఒకటి దిగుటకు, రెండవది ప్రాణమునకు. రెండింటిని వేరువేరు చోట్ల కట్టవలెను. ఒకే కొక్కెమునకు కట్టినచో ఆ రెండును ఒకటే త్రాడగును, కొక్కెము ఊడినప్పుడు రెండును ఊడును. పిట్టగోడ అంచున త్రాటి క్రింద మెత్తని తొడుగు వేయవలెను. లేనిచో సిమెంటు అంచు రంపమై కోయును. గాజు మరకలు పోగొట్టుటకు వాడు ఆమ్లద్రావకము నైలాను పోగులను తినివేయును. ఎండయు తినివేయును. పైకి తెల్లగా నున్న త్రాడు లోపల చచ్చియుండవచ్చును. నూరు మీటర్ల ఎత్తు నుండి జారిన వస్తువు నేలను చేరుటకు ఐదు సెకన్లు పట్టదు. పంచాక్షరిని నెమ్మదిగా రెండు మూడు మారులు ఉచ్చరించునంత కాలము.

బెల్టు పట్టి ఆపినంత మాత్రమున గండము గడచినదని తలపరాదు. కదలక వ్రేలాడు మనిషికి నెత్తురు కాళ్లలో నిలిచిపోయి, కొద్ది నిమిషములలోనే స్పృహ తప్పవచ్చును. ఫైరింజను వచ్చువరకు వేచియుండుటకు వ్యవధి చాలదు. అతనిని దింప నేర్చిన తోటివాడు ఒకడు మిద్దెపై నిలిచియుండవలెను. ఖర్చు తగ్గించునపుడు ముందుగా మాయమగువాడు ఈ రెండవ మనిషియే.

గాజునకు ఇవతల, చల్లని గదిలో, కంప్యూటరు ముందు కూర్చున్న యువకుడు లింగవంతుల యింటి బిడ్డ కావచ్చును. బీదరు, జహీరాబాదు, తాండూరు, నారాయణఖేడు ప్రాంతముల కుటుంబములు తమ పిల్లలు అక్కడ ఉద్యోగము చేయుచున్నారని సంతోషముతో చెప్పుకొనుచున్నవి. సంతోషింపదగినదే. ఆ యువకుని కిటికీకి ఒకనాడు అకస్మాత్తుగ ఒక మనిషి దిగును. ఇద్దరి నడుమ అంగుళము మందము గాజు. ఇద్దరిదియు కాయకమే. వెలుతురు అడ్డమాయెనని తెర లాగుకొనువాడు కలడు. ఫోనుతో బొమ్మ తీసి నలుగురికి పంపువాడు కలడు. ఆ దిగినవాని వీపునకు రెండవ త్రాడు ఉన్నదా లేదా అని చూచువాడు అరుదు.

ఇచట బసవేశ్వరుని బోధను జాగ్రత్తగ తలచుకొనవలెను. ఇష్టలింగమును అంగముపై ధరింపజేసి ఆయన దేవాలయమును మనిషి దేహము వద్దకు తెచ్చెను. రాతిగుడి కట్టలేని పేదవానికి వాని దేహమే గుడియని తెలిపెను. కట్టి నిలిపినదానిని స్థావరమనియు, చైతన్యము కలిగి సంచరించుదానిని జంగమమనియు విడదీసి, శరణులు జంగమమునకే పెద్దపీట వేసిరి. ఇచట జంగమమనగా దీక్షపొందిన జంగమమూర్తి యని మాత్రమే కాదు. ప్రాణము కలిగి కదలు దేహమను అర్థము గ్రహింపవలెను. ఈ దృష్టితో చూచినచో నలుబది అంతస్తుల గాజుమేడ స్థావరము. దానిపై వ్రేలాడువాడు జంగమము. స్థావరము మెరయుట కొరకు జంగమమును పణముగా పెట్టుట వీరశైవమునకు తలక్రిందులైన పూజ.

కాయకము చేయుచు మరణించినవానికి కైలాసము తప్పదని ఓదార్చువారు కలరు. మాట మెత్తనిదే కాని ప్రమాదకరమైనది. శరణులు కైలాసమును కాయకమునందు చూపిరి. పడి చచ్చుటయందు చూపలేదు. మెడలో లింగముండగా బెల్టు ఎందులకని బీరములాడు యువకులును అక్కడక్కడ ఉందురు. లింగమునకు అంగము పీఠము. పీఠమును కాపాడుకొననివాడు లింగమును ఎచట నిలుపును? శివదారమును గట్టిదిగా చూచి కట్టుకొను లింగధారికి ప్రాణపు త్రాటిని గట్టిదిగా చూచుకొనుట కొత్త ఆచారము కాదు.

ఎత్తున శివకార్యమనగానే శ్రీశైలము గుర్తునకు వచ్చును. మహాశివరాత్రి నాడు, లింగోద్భవ కాలమునకు ముందు, మల్లికార్జునస్వామి ఆలయమున పాగాలంకరణ జరుగును. చీరాల ప్రాంతపు దేవాంగుడు ఏడాది పొడవున దినమునకు మూరెడు చొప్పున నియమముతో నేసిన పాగాను తెచ్చును. ఆలయమున దీపములన్నియు ఆర్పివేయుదురు. ఆ చీకటిలో అతడు దిగంబరుడై విమానమెక్కి, శిఖరము నుండి ముఖమండపముపైనున్న నందులను కలుపుచు పాగాను చుట్టును. వేలమంది భక్తులు క్రింద ఊపిరి బిగబట్టి పంచాక్షరి జపింతురు. అతనికి లేని బెల్టు కూలివానికెందులకని వాదించుటకు ఈ దృష్టాంతమును తెచ్చువారు ఒకటి మరచుచున్నారు. పాగా కట్టువాడు ఏటికొక రాత్రి, తన వ్రతముగా, తన చేత నేసిన దానితో ఎక్కును. అతని కొరకు దేవాలయము దీపములార్పును, లోకము మౌనము వహించును. మాదాపురములో త్రాటిపై దిగువాడు దినదినము దిగును. వ్రతము వలన కాదు, ఇంటి అద్దె వలన, ఊరికి పంపవలసిన డబ్బు వలన. ఒకని వ్రతమును మరొకని మెడకు చుట్టుట ధర్మము కాదు.

ఆయ్దక్కి మారయ్య బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చువాడు. ఒకనాడు బియ్యము ఎక్కువ తెచ్చినందులకు భార్య లక్కమ్మ అతనిని మందలించి, అధికమును తిరిగి ఇచ్చి రమ్మని పంపెను. నాటికి చాలినంతకు మించి తెచ్చుట కాయకము కాదు, ఆశ. ఎత్తున జరుగు ప్రమాదములను విచారించినచో అనేక చోట్ల ఆ అధికమే కనబడును. ఈ వరుస సాయంకాలములోగా ముగియవలెనను కాంట్రాక్టరు తొందర. గాలి లేచినను ఝూలా దింపవద్దను మేస్త్రి కేక. పనివాడును నిర్దోషి కాడు. కొక్కెము మాటిమాటికి విప్పి తగిలించుట ఆలస్యమని దానిని వదలి రెండు పలకలు ఎక్కువ తుడువ జూచును. అయితే అతని ఆశ రెండు వందల రూపాయలది. పైవారి ఆశతో సరితూగదు. లక్కమ్మ నేడుండినచో మందలింపు మేడ యజమాని ఇంటి నుండి ఆరంభించియుండును.

ప్రభుత్వము ఈ విషయమున ఊరకుండలేదు. 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టము వచ్చినది. నిర్మాణ వ్యయములో నూటికి ఒక రూపాయి చొప్పున సుంకము వసూలు చేసి కార్మికుల సంక్షేమ నిధికి చేర్చు ఏర్పాటు జరిగినది. 2025 నవంబరు 21 నుండి అమలునకు వచ్చిన నూతన కార్మిక సంహితలలోనికి ఈ ఏర్పాట్లు చేరినవి. కాని నిధి నుండి సహాయము పొందుటకు పేరు నమోదై యుండవలెను. పొరుగు రాష్ట్రము నుండి వచ్చి, నెలకొక చోట పనిచేయువానికి నమోదు ఎవరు చేయించుదురు? చదువు వచ్చిన లింగవంత యువకులు, మఠముల విద్యార్థి నిలయములలో పెరిగినవారు, ఆదివారమొకనాడు కూలీల షెడ్లకు పోయి ఆ కాగితములు నింపి ఇచ్చినచో అదియు దాసోహమే. దాసోహమనగా మిగిలిన దానిని పెట్టుట కాదని అందరును ఎరుగుదురు.

హైటెక్ సిటీ వరకు పోనక్కరలేని మాటయు ఒకటి కలదు. లింగవంతుల ఇండ్లకు పండుగ ముందు రంగులు వేయించుదురు. అపార్టుమెంటు సంఘములలో వారు అధ్యక్షులుగ, కోశాధికారులుగ ఉందురు. రంగుల కాంట్రాక్టునకు మూడు ధరలు వచ్చినపుడు తక్కువ దానిని ఎంచుకొందురు. ఆ ధర ఏల తగ్గినదని అడుగరు. తరచుగ రెండవ త్రాడును, మిద్దెపై నిలుచు రెండవ మనిషిని తీసివేయుట చేతనే తగ్గియుండును. మఠముల గోపురములకు జీర్ణోద్ధరణ జరుగునపుడును ఇంతే. కలశము నిలుపు దినమున స్థపతికి శాలువ కప్పుదురు, దాతల పేర్లు రాతిపై చెక్కింతురు. పరంజా వెదుళ్లు కట్టి, వానలో ఆ తడి వెదురుపై నిలిచి కలశమునకు చేయి అందించినవాడు ఆ దినమున ఏ వరుసలో కూర్చుండి ప్రసాదము తినెనో తెలిసినవారుండరు. విరాళముల లెక్కలో మొదటి పద్దు త్రాళ్లకు, బెల్టులకు వ్రాసిన మఠము తక్కిన పద్దులు ఎట్లు వ్రాసినను శరణులు మెచ్చుదురు.

త్రాటిపై పని నేర్చిన నిపుణులలో ఒక నియమము కలదు. సాయంకాలము పని ముగిసిన పిదప త్రాటిని మిద్దెపై పడవేసి పోరు. ముడులు విప్పి, మొదటి నుండి చివర వరకు చేతివ్రేళ్ల నడుమ జారవిడుచుచు తడిమి చూచుదురు. ఎచటనైన మెత్తబడినదా, గట్టిపడినదా, ఒక పోగు లేచినదా అని వ్రేళ్లే చెప్పును. బాగున్నచో చుట్టి నీడను దాచుదురు. అనుమానము కలిగిన త్రాటిని మూలకు నెట్టరు. తెలియనివాడు మరునాడు తీసి కట్టుకొనునేమోయని కత్తితో ముక్కలుగా కోసివేయుదురు.