పిప్పి ఎవరిది?

నా స్నేహితుడొకడు బాక్టీరియా చేత ప్లాస్టిక్ తయారు చేయించే ప్రయోగాల్లో ఉన్నాడు. ముడిసరుకు చెరకు పిప్పి. ఓ రోజు ఫోన్లో అంతా వివరించి, చివర్లో "ఎలాగూ పారేసేదే కదరా, ఎవరికి నష్టం?" అన్నాడు. అప్పటికి ఊఁ కొట్టాను గానీ, ఆ 'పారేసేదే' అన్న మాట నన్ను వదల్లేదు.

మా తాతయ్య వాళ్లది అనకాపల్లి దగ్గర ఊరు. బెల్లం వండే రోజుల్లో గానుగ పక్కనే పిప్పి ఎండబెట్టేవాళ్లు. రసం కాగే పెనం కింద మంట ఆ పిప్పిదే. బూడిద పొలానికి పోయేది. ఇంకా మిగిలితే ఎవరో ఒకరు పొయ్యిలోకి పట్టుకెళ్లేవాళ్లు. దాన్ని వ్యర్థం అనడం నేనక్కడ వినలేదు. వ్యర్థం అంటే అర్థం లేనిది. అర్థం అంటే డబ్బు కూడా కదా. పిప్పికి ధర లేదు గానీ పని ఉంది. ధర లేనిదల్లా పనికిరానిదే అనుకోవడం మనం తర్వాత నేర్చుకున్నాం.

అసలు పంచదార ఫ్యాక్టరీ కూడా దాన్ని పారేయదు. బాయిలర్లో కాల్చి ఆవిరి, కరెంటు తీసుకుంటుంది. పిప్పిని బాక్టీరియాకి పెడితే బాయిలర్లో ఏం వేస్తారన్నది ముందుగా అడగాల్సిన ప్రశ్న.

అయినా ఆ ప్రయోగం అద్భుతమే, కాదనను. టన్ను చెరకు ఆడితే 250 నుంచి 300 కిలోల తడి పిప్పి వస్తుంది. దాన్ని ఆమ్లంతోనో ఆవిరితోనో మెత్తబరిచి ఎంజైములు కలిపితే గ్లూకోజ్, జైలోజ్ అనే చక్కెరలు విడివడతాయి. ఆ రెండింటినీ తినగలిగే బాక్టీరియా ఒకటి బ్రెజిల్‌లో ఓ చెరకు తోట మట్టిలోనే దొరికింది. 2001లో దానికి బర్క్‌హోల్డేరియా సక్కరీ అని పేరు పెట్టారు. చక్కెర పుష్కలంగా పెట్టి నత్రజని తగ్గిస్తే, అది తిన్నదాన్ని కరువు రోజుల కోసం ఒంట్లో గుళికలుగా దాచుకుంటుంది. ఆ గుళికలే పీహెచ్‌బీ అనే ప్లాస్టిక్. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని మళ్లీ తినేయగలవు. కణాన్ని పగలగొట్టి మనం ఆ దాచుకున్నది తీసుకుంటాం.

బాక్టీరియాకి అన్యాయం జరిగిందని నేను బాధపడను. పాలు తోడుపెట్టే ప్రతి ఇల్లూ వాటి చేత పని చేయించుకుంటూనే ఉంది. నా ఇబ్బంది చెరకు పండించినవాడి గురించి.

2024-25 సీజన్‌కి కేంద్రం ప్రకటించిన ధర, 10.25 శాతం రికవరీ మీద, క్వింటాలుకి 340 రూపాయలు. ధర నిర్ణయించేటప్పుడు పిప్పి, మొలాసిస్ లాంటివాటి రాబడినీ చూడాలని నిబంధనల్లో ఉంది. కానీ ధర పెరిగినా తగ్గినా చక్కెర శాతాన్ని బట్టే. పీచుకి విడిగా పైసా రాదు. ఆ పీచు పెరిగింది కూడా అదే నీళ్లతో, అదే ఎరువుతో, అదే అప్పుతో. 2012లో రంగరాజన్ కమిటీ చక్కెరతో పాటు పిప్పి, మొలాసిస్, ప్రెస్‌మడ్ విలువలో కూడా 70 శాతం రైతుకి చెరకు ధరగా అందాలని సూచించింది. అంటే ఈ ప్రశ్న నాకొక్కడికే తట్టింది కాదు.

అమ్మేసిన చెరకు మీద రైతుకి ఇంకా హక్కేమిటి అనొచ్చు. పెట్టుబడి ఫ్యాక్టరీది, ఏళ్ల తరబడి కష్టం నా స్నేహితుడిది. నిజమే. కానీ చూడి ఆవుని అమ్మేటప్పుడు కడుపులో దూడని కూడా లెక్కేసుకునే బేరమాడతారు. చెరకు బేరంలో దూడ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ తెలీదు, కాబట్టి ఎవరిదీ తప్పు కాదు. ఇప్పుడు తెలిసింది. తెలిశాక కూడా పాత ధరకే కొంటే దాన్ని తెలివి అనాలా, ఇంకేమైనా అనాలా?

ఒక వస్తువుని వ్యర్థం అని పిలిచిన క్షణమే, అది ఎవరికీ చెందనిదైపోతుంది. ఎవరికీ చెందనిదాన్ని ముందుగా వచ్చి తీసుకున్నవాడు సంపద సృష్టించినవాడవుతాడు. మధ్యలో దాన్ని పెంచిన చేతులు ఎక్కడా కనబడవు.

ఆ పరిశోధన ఆగాలని నాకు లేదు. వాడు గెలవాలనే కోరుకుంటాను. ఈసారి ఫోన్ చేసినప్పుడు మాత్రం, 'ఎలాగూ పారేసేదే' అన్న మాట ఒక్కటి మానేయమంటాను.