మీదే ఊరు?

మిర్చి, పత్తి డబ్బుతో చదువుకున్న మా గుంటూరు, ఒంగోలు కుర్రాళ్లు కొందరు ఇవాళ వీపున సంచితో ఒంటరిగా పారిస్ వెళ్లి నాలుగు రోజులు తిరిగొస్తున్నారు. అక్కడెవరైనా ‘మీదే ఊరు?’ అంటే సంబరంగా చెబుతారు. ఇక్కడ అద్దెకు ఇల్లడిగి పేరు చెప్పాక అదే మాట వింటే మాకెందుకు గుచ్చుకుంటుంది?

ముసాఫిర్‌కు తిరిగిపోయే ఇల్లుంటుంది. ఆ ధీమా ఉంటేనే పరాయి నగరం అందంగా కనబడుతుంది. హైదరాబాదు పండితుడు మహమ్మద్ హమీదుల్లా 1948లో నిజాం ప్రతినిధి బృందంతో పారిస్ వెళ్లారు. ఆ సెప్టెంబరులోనే హైదరాబాదు రాజ్యం లేకుండా పోయింది. కొద్దిరోజుల మజిలీ 1996 దాకా సాగింది. ఖురాన్‌ను ఫ్రెంచిలోకి తెచ్చిన ఆ మనిషి ఫ్రెంచి పౌరసత్వం మాత్రం తీసుకోలేదు.

జకాత్‌కు హక్కుదారులైన ఎనిమిది వర్గాల్లో బాటసారినీ ఖురాన్ చేర్చింది. సొంతూళ్లో ఆస్తులున్నా సరే, దారిలో చెయ్యి ఖాళీ అయితే అతను హక్కుదారే. మా కష్టం దీనికి తలకిందులు. దారిలో కాదు, ఇంటి దగ్గరే మమ్మల్ని బాటసారుల్ని చేస్తున్నారు. తరతరాలుగా ఈ నల్లరేగడి పత్తిని ఏకిన నూర్‌బాషాల్ని ‘ఎక్కణ్ణుంచొచ్చారు?’ అనడం ఏం న్యాయం? మాకు అతిథి మర్యాదలొద్దు. ఇరుగుపొరుగుగా చూస్తే చాలు.