వదిలేస్తే సరిపోయిందా?

2024 జూలైలో అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో తమ్ముడి దగ్గరున్నాను. ఓ మధ్యాహ్నం గాలం పుచ్చుకుని ఏటికి వెళ్తే, రెండు దాటాక అర్ధరాత్రిదాకా చేపలు పట్టకూడదని బోర్డు! 'హూట్ ఔల్' నిషేధమట. అంటే కూసే గుడ్లగూబ.

"తిందామనా అక్కయ్యా? పట్టి మళ్ళీ వదిలేస్తాంగా! పాపమేముందీ?" అని విసుక్కున్నాడు వాడు.

నాకూ నిజమే అనిపించింది. కానీ వరసగా మూడు రోజులు నీటి వేడి 73 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే ఈ నిషేధం పెడతారట. మనకవి చల్లనీళ్ళే! ట్రౌట్ చేపకు మాత్రం గండం. నీరు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. గాలానికి చిక్కి గింజుకుని అలసిన చేప ఇక తేరుకోవడం కష్టం. చేతిలోంచి చక్కా ఈదుకుపోయిందే, అది కాసేపటికి మన కంటబడనిచోట చచ్చిపోవచ్చు.

మరి జనాన్ని వేటకు తీసుకెళ్ళి పొట్టపోసుకునే గైడ్ల మాటేమిటంటారా? నష్టమే, కాదనను. అయినా చల్లటి ఉదయం వాళ్ళకు మిగిలే ఉంది. చేపలే కరువైతే ఆ బతుకూ ఉండదు కదా!

ఒడ్డున కూర్చుంటే మావారు గుర్తొచ్చారు. ఎండనపడి వచ్చిన మనిషిని గుమ్మంలోనే నిలదీసి, ఆనక "సరే, పోనివ్వండి" అని ఎన్నిసార్లు వదిలెయ్యలేదు నేను! వదిలేశాను కదా అని నిశ్చింతగా నిద్రపోయాను కూడా.

మర్నాడు తమ్ముడు అయిదింటికే లేచి గాలం తీసుకెళ్ళాడు.