భయం వేస్తోందా? లష్కర్ అమ్మ కథ ఒకసారి మొదట్నుంచీ వినండి



పోయిన వారం వీడియో కింద ఒక చెల్లెలు రాసిన మాటలు నాలుగు రోజులుగా నన్ను వదలట్లేదు. వయసు పదిహేడని తనే చెప్పింది. "అక్కా, నాకు ర్యాంక్ రాలేదు. దేవుడు ఎలా రాసిపెడితే అలా అవుతుందని ఇంట్లో అందరూ అంటున్నారు. మళ్ళీ వాళ్ళే లాంగ్ టర్మ్ కోచింగ్‌కి డబ్బులు కట్టేశారు. నాకు వెళ్ళాలని లేదు. ఆ మాట చెప్పాలంటే భయం. అసలు దేవుడి ఇష్టం ఏంటో నాకెలా తెలుస్తుంది?" అని అడిగింది. కింద ఇంకో ముక్క కూడా ఉంది. "ఇప్పుడు గుడికి వెళ్ళాలన్నా భయమే వేస్తోంది."

ఆ చివరి ముక్క దగ్గర నేను ఆగిపోయాను. పరీక్షంటే భయం, నాన్నంటే భయం, ఇవి మనందరికీ తెలిసినవే. కానీ భయం వేసినప్పుడు పరిగెత్తుకెళ్ళాల్సిన చోటు కూడా భయపెట్టడం మొదలుపెడితే ఇక ఆ పిల్ల ఎక్కడికి పోవాలి? తప్పు చేస్తే కళ్ళు పోతాయని, దేవుడు అన్నీ చూస్తున్నాడని చిన్నప్పుడు అన్నం తినిపించడానికీ, హోమ్‌వర్క్ చేయించడానికీ దేవుణ్ణి వాడేస్తాం. పదిహేడేళ్ళకి ఆ బిల్లు ఇలా వస్తుంది.

వీడియోలో పన్నెండు నిమిషాల్లో చెప్పగలిగింది చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మాది సికింద్రాబాదు. ఆషాఢం వస్తే మా వీధిలో వేపమండల వాసన, డప్పుల మోత. జనరల్ బజార్‌లోని ఉజ్జయినీ మహంకాళి అమ్మవారికి మా నానమ్మ బోనం ఎత్తేది. పాలూ బెల్లం వేసి వండిన అన్నం కుండలో పెట్టి, కుండకి పసుపూ కుంకుమా పూసి, వేపాకు కట్టి, పైన దీపం వెలిగించి తల మీద పెట్టుకునేది. లష్కర్ బోనాలంటే ఇవే. లష్కర్ అంటే సైన్యం దిగిన చోటు. కంటోన్మెంట్ ఊరు కాబట్టి ఆ పేరు. రీల్స్‌లో మనం పోతరాజు కొరడా, తొట్టెలు, ఫలహారం బండి అన్నీ చూస్తాం. ఆ గుడి అక్కడికెలా వచ్చిందో మాత్రం మన వయసువాళ్ళలో చాలామందికి తెలియదు.

ఆలయ చరిత్రగా చెప్పుకునేది ఇది. 1813లో సురిటి అప్పయ్య అనే ఆయన ఇక్కడి పటాలంలో డోలీ మోసేవారు. ఆఫీసరూ కాదు, పూజారీ కాదు, భుజం మీద డోలీ మోసే మనిషి. పటాలంతో పాటు ఆయన్ని ఉజ్జయినికి పంపారు. ఆయన అక్కడ ఉండగా ఇక్కడ జంట నగరాల్లో కలరా వచ్చింది. వేలమంది పోయారంటారు.

ఒక్క నిమిషం ఆయన స్థానంలో నిలబడి చూడండి. ఫోన్ లేదు. ఉత్తరం చేరాలంటే రోజులు పడుతుంది. ఇంటివాళ్ళు ఉన్నారో పోయారో తెలియదు. సెలవు పెట్టి వచ్చేద్దామంటే కుదరదు. వచ్చినా చేసేదేమీ లేదు, ఎందుకంటే కలరా ఎందుకు వస్తుందో అప్పటికి ప్రపంచంలో ఎవరికీ తెలియదు. రాబర్ట్ కాక్ ఆ క్రిమిని గుర్తించింది 1884లో. అంటే ఇంకో డెబ్భై ఏళ్ళ తర్వాత.

(మధ్యలో చిన్న మాట. వేపాకు యాంటీబయాటిక్, పసుపు యాంటీసెప్టిక్, అందుకే బోనాలు అని చెప్పే వీడియోలు చాలా వస్తున్నాయి. అమ్మవారికి మన సైన్స్ సర్టిఫికెట్ అవసరం లేదు. సైన్స్‌కి కూడా మన అబద్ధపు సాక్ష్యం అవసరం లేదు. మలేరియా దోమలోంచి వస్తుందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న ఇదే సికింద్రాబాదులో, బేగంపేట దగ్గర కనిపెట్టాడు. ఆయన మైక్రోస్కోపు ముందు కూర్చున్న ఊళ్ళోనే అమ్మ గుడీ ఉంది. రెండూ మనవే.)

అప్పయ్య, ఆయన తోటివాళ్ళు ఉజ్జయినిలో మహంకాళి గుడికి వెళ్ళారు. తల్లీ, మా ఊరివాళ్ళని కాపాడు, మా ఊళ్ళో నీ విగ్రహం పెట్టి కొలుచుకుంటాం అని మొక్కుకున్నారు. జబ్బు తగ్గింది. వాళ్ళు తిరిగొచ్చి 1815 జూలైలో కొయ్య విగ్రహం ప్రతిష్ఠించారు. 1864లో దాని స్థానంలో రాతి విగ్రహం వచ్చింది. ఈ రోజు మనం దండం పెట్టుకునే గుడి అలా మొదలైంది.

నన్ను పట్టుకున్న విషయం ఏంటంటే, మొక్కిన సంవత్సరానికీ తీర్చిన సంవత్సరానికీ మధ్య రెండేళ్ళు ఉంది. భయం ఉన్నప్పుడు మొక్కడం తేలిక. హాల్‌టికెట్ నంబర్ టైప్ చేసి సైట్ తెరుచుకునే లోపల మనం నూటొక్క కొబ్బరికాయలు మొక్కేస్తాం. రిజల్ట్ రాగానే నూరు మర్చిపోతాం. అప్పయ్య గారి భయం పోయాక కూడా మాట మిగిలింది. బదిలీ ఆయన చేతిలో లేదు. డోలీ ఎటు వెళ్ళాలో చెప్పేది లోపల కూర్చున్నవాళ్ళు. కలరా సంగతి సరేసరి. ఇన్నిటి మధ్యలో ఆయన చేతిలో ఉన్నది ఒక్క మాటే. దాన్ని వదల్లేదు.

ఇక్కడ ఒక తమ్ముడు అడ్డుపడొచ్చు. "అక్కా, ఇది బేరం కదా? నువ్వు ఇది చెయ్యి, నేను గుడి కడతా అనడం?" మంచి ప్రశ్న. ఇది ప్రహ్లాదుడు అడిగినదే. భాగవతం ఏడో స్కంధంలో నరసింహస్వామి వరం కోరుకోమంటే, ప్రతిఫలం ఆశించి సేవ చేసేవాడు సేవకుడు కాదు, వర్తకుడు అనే అర్థం వచ్చేలా ఆ పిల్లవాడు జవాబిస్తాడు. మరి అప్పయ్య వర్తకుడేనా? నాకు అలా అనిపించదు. ఆయన తన ప్రమోషన్ అడగలేదు. తను ప్రమాదానికి దూరంగా, ఉజ్జయినిలో సురక్షితంగా ఉండి ఊరి కోసం అడిగాడు. చివరికి ప్రహ్లాదుడు చేసిందీ అదే. తనని చంపబోయిన తండ్రి పాపం పోవాలని కోరుకున్నాడు. దీనులందర్నీ ఇక్కడ వదిలేసి నాకొక్కడికే మోక్షం వద్దన్నాడు.

ప్రహ్లాదుడి దగ్గర ఇంకాస్సేపు ఉందాం, ఎందుకంటే ఈ కథని మనకి తప్పుగా చెప్పారు. ఏనుగులు తొక్కినా, పాములు కరిచినా, కొండ మీంచి తోసినా అస్సలు భయపడని సూపర్‌హీరో అని కార్టూన్‌లో చూపిస్తారు. అది చూసిన పిల్లలకి "నాకు భయం వేస్తోంది కాబట్టి నాకు భక్తి లేదు" అనిపిస్తుంది. మూలంలో ఉన్నది వేరు. స్తంభంలోంచి స్వామి వచ్చాక ఆ ఉగ్రరూపం చూసి దేవతలు దగ్గరికి పోలేదు. లక్ష్మీదేవి కూడా వెళ్ళలేకపోయింది. బ్రహ్మ ఈ పిల్లవాణ్ణి ముందుకి పంపాడు. వాడు వెళ్ళి కాళ్ళ మీద పడ్డాడు, స్వామి లేపి తల మీద చెయ్యి పెట్టాడు. అప్పుడు వాడన్నది, నీ కోరలు చూసి నాకు భయం లేదు స్వామీ, ఈ సంసారచక్రం చూస్తేనే భయం అని. అంటే భయం ఉందనే చెప్పాడు! ఎవరి దగ్గర చెప్పుకోవాలో వాళ్ళ దగ్గర చెప్పుకున్నాడు. సింహం ముఖం పెట్టుకుని రక్తంతో తడిసి నిలబడ్డ దేవుడి దగ్గర.

కాబట్టి చెల్లెమ్మా, గుడికి వెళ్ళడానికి ముందు భయం పోగొట్టుకోవాల్సిన పని లేదు. భయంతోనే వెళ్ళు. మహంకాళి రూపం ఎలా ఉంటుందో మనకి తెలుసు. ఆ నాలుక, ఆ కళ్ళు నీ కోసం కాదు. నిన్ను భయపెట్టే దాని కోసం.

ఇక అసలు ప్రశ్న. దేవుడి ఇష్టం ఎలా తెలుస్తుంది?

గీత మొదటి అధ్యాయంలో అర్జునుడి పరిస్థితి చదవండి. నోరు ఎండిపోతుంది, ఒళ్ళు వణుకుతుంది, విల్లు జారిపోతుంది, చర్మం మండుతుంది, తల తిరుగుతుంది. ఎగ్జామ్ హాల్ బయట మనకి జరిగేది అచ్చం ఇదే. ఇప్పుడు కృష్ణుడు ఏం చేయాలి? సాక్షాత్తూ దేవుడు. "నా ఇష్టం ఇది, లేచి యుద్ధం చెయ్యి" అంటే ఒక్క శ్లోకంలో అయిపోయేది. ఆయన ఏడువందల శ్లోకాల గీత అంతా ఓపిగ్గా మాట్లాడాడు. అర్జునుడు మధ్యమధ్యలో ఎదురు ప్రశ్నలు వేస్తూనే ఉన్నాడు. నువ్వు చెప్పేది తికమకగా ఉందని మూడో అధ్యాయంలో మొహం మీదే అంటాడు. కృష్ణుడికి కోపం రాలేదు. పద్దెనిమిదో అధ్యాయంలో అంతా చెప్పేశాక, ఇదంతా పూర్తిగా ఆలోచించుకుని నీకు ఎలా తోస్తే అలా చెయ్యి అన్నాడు. ఆ తర్వాత ఇంకాస్త చెప్పి, దుఃఖపడకు, నేనున్నాను అన్నాడు. అప్పుడు గానీ అర్జునుడు నా సందేహాలు పోయాయి, నువ్వు చెప్పినట్టు చేస్తాను అనలేదు.

దేవుడే అంత చోటు ఇచ్చాడు. "ఇది దేవుడి నిర్ణయం, నోరు మూసుకుని చెయ్యి" అనే మాట ఎవరి నోట వచ్చినా, అమ్మానాన్నలైనా, గురువులైనా, నాలాంటి యూట్యూబ్ అక్కయినా, అది కృష్ణుడి పద్ధతి కాదు.

అలాగని నీకు నచ్చిందల్లా దేవుడి ఇష్టం అని కూడా నేను అనను. అర్జునుడు కూడా ముందు చాలా అందంగా వాదించాడు. చంపడం కన్నా అడుక్కు తినడం మేలు అన్నాడు. వినడానికి గొప్ప వైరాగ్యంలా ఉంటుంది. నీవి పండితుల మాటలే గానీ ఏడవకూడని వాటికి ఏడుస్తున్నావని కృష్ణుడు పట్టేసుకున్నాడు. నిన్ను నువ్వు ఒకటి అడుగు. లాంగ్ టర్మ్ వద్దనడానికి కారణం ఆ చదువే నీది కాకపోవడమా? లేక మళ్ళీ రాస్తే మళ్ళీ పోతుందేమో అన్న భయమా? బయటికి రెండిటికీ ఒకటే మాట వస్తుంది, "నాకు ఇష్టం లేదు" అని. లోపల రెండూ వేరు. మొదటిదైతే ఇంట్లో కూర్చోబెట్టి చెప్పు. రెండోదైతే కూడా చెప్పు, కానీ వేరేలా చెప్పు.

నా సంగతి చెప్తా. ఇంటర్ సెకండియర్‌లో నాకు ఫిజిక్స్ పోయింది. మూడు రోజులు ఇంట్లో చెప్పలేదు. మా నానమ్మకి తెలిసిపోయింది. ఎలాగంటే అన్నం కంచంలో మిగిలిపోతోంది. ఆవిడ ఏమీ అడగలేదు, బోనం కుండకి పసుపు రాయమని నా చేతికిచ్చింది. రాస్తూ రాస్తూ ఏడ్చేశాను. "అమ్మ సూసుకుంటది బిడ్డా. ఫస్టు మీ నాయినకు చెప్పు" అంది. అమ్మవారు చూసుకుంటుంది కదా అని నాన్నకి చెప్పే పని తప్పలేదు! నాన్న అరిచాడు, రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు సప్లిమెంటరీ ఫీజు కట్టి వచ్చాడు. అప్పట్లో నా బెంచ్‌మేట్ క్రిస్టియన్. ప్రతి ఆదివారం సెయింట్ మేరీస్ చర్చికి వెళ్ళేది. తనకీ అదే సబ్జెక్టు పోయింది, వాళ్ళ ఇంట్లోనూ అదే భయం. భయపడకండి అన్న మాట మా బైబిల్లో ఎన్నిసార్లు వస్తుందో నీకు తెలుసా, అయినా నాకు భయమే అని నవ్వేది. ఇద్దరం కలిసే సప్లిమెంటరీకి చదివాం.

ఈ మాట సీరియస్‌గా చెప్తున్నాను. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఇరవై మందికి పైగా పిల్లలు మనకి దక్కలేదు. ఆ ఫలితాల్లో తప్పులున్నాయని తర్వాత తేలింది. తెలుగులో సున్నా వేసిన ఒక అమ్మాయికి మళ్ళీ చూస్తే 99 వచ్చింది. మార్కులు నిజంగా తక్కువే వచ్చినా సరే, అది ఒక పరీక్ష ఫలితమే. నీ గురించి దేవుడు రాసిన తీర్పు కాదు. రాత్రిళ్ళు నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, జపం చేసుకుంటే అదే పోతుందని దాచుకోకండి. ఇంట్లో ఒకరికి చెప్పండి. చెప్పలేకపోతే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. అర్జునుడు కూడా విల్లు కింద పెట్టి పక్కనున్న మనిషితో మాట్లాడాడు, గుర్తు పెట్టుకోండి.

ఈసారి బోనాలకి వచ్చేవాళ్ళు ఆదివారం రద్దీకి భయపడి మానుకోకండి, పొద్దున్నే వస్తే క్యూ కాస్త తక్కువ. రాలేనివాళ్ళు ఇంట్లోనే చిన్న కుండ పెట్టుకోండి. 2020లో కరోనా వల్ల ఊరంతా అలాగే చేసింది, అమ్మ ఏమీ అనుకోలేదు. సోమవారం రంగం టీవీలో లైవ్ వస్తుంది. కాల్చని పచ్చి కుండ మీద నిలబడి ఆ తల్లి భవిష్యవాణి చెబుతుంది. చిన్నప్పుడు నేను ఆ మాటలు వినేదాన్నే కాదు, కుండ ఎక్కడ పగులుతుందో అని ఆ పాదాల వంకే చూసేదాన్ని. దాని గురించి వచ్చే వీడియోలో మాట్లాడుకుందాం.

చెల్లెమ్మా, ఇంట్లో చెప్పావా లేదా, చెప్తే నాన్న ఏమన్నారు, కింద రాయి. నేను చూస్తూ ఉంటా.