ఫేస్తు ఎదుట పౌలు: జూదం, చట్టం, విశ్వాసి



ఈ నెల ధ్యానం కోసం దయచేసి అపొస్తలుల కార్యములు 25వ అధ్యాయం తెరవండి. కైసరయలో ఫేస్తు న్యాయపీఠం ముందు పౌలు నిలబడి ఉన్నాడు. యెరూషలేము నుండి వచ్చినవారు ఆయన మీద ఎన్నో నేరాలు మోపుతున్నారు గానీ ఒక్కటీ రుజువు చేయలేకపోతున్నారు. అప్పుడు 11వ వచనంలో పౌలు రెండు సంగతులు చెబుతాడు. తాను మరణానికి తగిన తప్పు చేసి ఉంటే శిక్ష తప్పించుకోజూడను అంటాడు. ఆ నేరారోపణల్లో నిజం లేకపోతే మాత్రం తనను వారికి అప్పగించే అధికారం ఎవరికీ లేదని, కైసరు ఎదుటే చెప్పుకుంటానని అంటాడు. చేసిన తప్పుకు శిక్ష ఒప్పుకోవడం, చట్టం ఇచ్చిన హక్కును వదులుకోకపోవడం, రెండూ ఒకే విశ్వాసి నోట వచ్చాయి.

ఈ మాటను నేడు జూదం విషయంలో ఆలోచిద్దాం. సర్రీలో మన తెలుగువారిలో చదువుకోవడానికి వచ్చిన పిల్లలున్నారు, వర్క్ పర్మిట్ మీద ఉన్నవారున్నారు, పీఆర్ కోసం ఎదురుచూసే కుటుంబాలున్నాయి. ఐపీఎల్ రోజుల్లో "సరదాకి వంద డాలర్లే కదా" అనే మాట ఎంత తేలిగ్గా నోట వస్తుందో మీకు తెలుసు. నేను లాయరును కాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునేవాడిని. అయినా మన పిల్లలు దేనిలో కాలు పెడుతున్నారో తెలుసుకోవడం సంఘంగా మన బాధ్యత. చట్టం తెలియదని చెప్పడం నేరానికి సాకు కాదని కెనడా క్రిమినల్ కోడ్ 19వ సెక్షన్ సూటిగా చెబుతోంది.

చట్టం గీసిన గీత

కెనడాలో జూదం మొత్తం నిషేధం అనుకునేవారున్నారు, మొత్తం అనుమతి అనుకునేవారూ ఉన్నారు. రెండూ తప్పే. 207వ సెక్షన్ ప్రకారం జూదం నడిపే హక్కు రాష్ట్ర ప్రభుత్వాలకు ఉంది. లైసెన్సు తీసుకున్న ధర్మసంస్థలకు, మతసంస్థలకు కొంత వెసులుబాటు ఉంది. బ్రిటిష్ కొలంబియాలో ఆ పని బీసీ లాటరీ కార్పొరేషన్ చూస్తుంది. ఒక్క మ్యాచ్ మీద పందెం కాయడం 2021 ఆగస్టు 27 నుండి చట్టబద్ధమైంది, అదీ ప్రభుత్వం నడిపే పద్ధతిలోనే. ఆడడానికి 19 ఏళ్లు నిండాలి.

ఈ గీత దాటినదాన్ని 201, 202 సెక్షన్లు నేరంగా చూస్తాయి. లాభం కోసం జూదపు ఇల్లు నడపడం నేరం. పందేలు సేకరించే వ్యాపారం నేరం. ఆ పందేల లెక్క రాసిపెట్టడం, ఆ డబ్బు తన దగ్గర ఉంచుకోవడం, ఆ పనిలో సాయపడడం కూడా నేరమే. గరిష్ఠ శిక్ష రెండేళ్ల జైలు. తగిన కారణం లేకుండా జూదపు ఇంట్లో ఉండి పట్టుబడినవారి మీద కూడా చిన్న కేసు పెట్టవచ్చు.

మరి ఇద్దరు స్నేహితులు మ్యాచ్ మీద తమలో తాము పందెం వేసుకుంటే? పందేల వ్యాపారంలో లేని వ్యక్తుల మధ్య సొంత పందేన్ని 204వ సెక్షన్ మినహాయించింది. ఇంట్లో నలుగురు పేకాడుకుంటే ఆ ఇల్లు జూదశాల అయిపోదు. ఆడనిచ్చినందుకు ఇంటివాడు రుసుము తీసుకున్నా, గెలిచిన డబ్బులో కమీషన్ కోసుకున్నా అది జూదశాల కిందికి వస్తుంది. గ్రూపులో అందరి దగ్గర ఈ-ట్రాన్స్‌ఫర్ తీసుకుని, రేటు చెప్పి, తన వాటా ఉంచుకునే కుర్రాడు తనను తాను స్నేహితుడిననే అనుకుంటాడు. చట్టం అతన్ని బుకీ అంటుంది.

"రమ్మీ తెలివితో ఆడే ఆట, జూదం కాదు" అనే వాదన మనవారికి బాగా తెలుసు. ఆ వాదనకు మూలం సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ మధ్య నడిచిన ఆ కేసులో 1967లో భారత సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని చెప్పింది. అయితే అదే తీర్పులో, ఆట వల్ల క్లబ్బు యజమాని లాభం పొందితే నేరం కావచ్చని కూడా చెప్పింది. ఆ సగం ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఆ తర్వాత తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం, నైపుణ్యమైనా అదృష్టమైనా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించింది. కెనడా చట్టంలోనైతే నైపుణ్యం, అదృష్టం కలిసిన ఆట కూడా "ఆట" నిర్వచనంలోకే వస్తుంది. ఊరి నుండి తెచ్చుకున్న వాదన ఇక్కడ పనిచేయదు.

జైలు కంటే పెద్ద దెబ్బ

మనలో చాలామందికి అసలు ప్రమాదం జైలు కాదు, ఇమిగ్రేషన్. స్టడీ పర్మిట్ మీదో వర్క్ పర్మిట్ మీదో ఉన్నవారికి 202వ సెక్షన్ కింద ఒక్క నేరం రుజువైనా ఈ దేశంలో ఉండే అర్హత పోవచ్చు. ప్రాసిక్యూటరు దాన్ని చిన్న కేసుగా నడిపి జరిమానాతో ముగించినా, ఇమిగ్రేషన్ చట్టం 36వ సెక్షన్ పెద్ద నేరంగానే లెక్కగడుతుంది.

ఇంకొక ఉచ్చు ఉంది, తల్లిదండ్రులారా, దీన్ని మీ పిల్లలకు తప్పక చెప్పండి. "నీ అకౌంటులోకి డబ్బు వస్తుంది, దాన్ని ఇంకొకరికి పంపు, కొంత నువ్వు ఉంచుకో" అని ఎవరైనా అడిగితే అది ఉద్యోగం కాదు. నేరపు సొమ్ము అని తెలిసి, లేదా తెలిసే అవకాశం ఉన్నా లెక్కచేయకుండా డబ్బు చేతులు మార్చడం మనీ లాండరింగ్. దానికి గరిష్ఠ శిక్ష పదేళ్లు. పదేళ్ల శిక్ష పడగల నేరం పీఆర్ ఉన్నవారి హోదాకు కూడా ముప్పు తెస్తుంది. ఇంటి పొలం తాకట్టు పెట్టి పంపిన అమ్మానాన్నల కష్టం, రెండు వందల డాలర్ల కమీషన్‌కు పోకూడదు కదా?

కేసు పడితే

ఇప్పుడు పౌలు చెప్పిన రెండో మాటకు వద్దాం. నేరం మోపబడిన ప్రతివాడూ నేరస్థుడు కాడు. రుజువయ్యేవరకు నిర్దోషి అని కెనడా రాజ్యాంగపు హక్కుల పత్రం చెబుతుంది. పోలీసులు పట్టుకుంటే వెంటనే లాయరుతో మాట్లాడే హక్కు, మౌనంగా ఉండే హక్కు, కోర్టులో భాష అర్థం కాకపోతే దుబాసీని కోరే హక్కు ఉన్నాయి. డబ్బు లేకపోతే లీగల్ ఎయిడ్ బీసీని అడగవచ్చు.

"విశ్వాసి మౌనంగా ఉంటే అబద్ధం ఆడినట్టు కాదా?" అని కొందరు అడుగుతారు. హేరోదు ఎన్ని ప్రశ్నలు వేసినా ప్రభువు ఒక్క జవాబూ ఇవ్వలేదని లూకా 23వ అధ్యాయంలో చదువుతాం. మౌనం పాపం కాదు. కల్పించిన కథ పాపం. మెసేజ్‌లు చెరిపివేయడం, స్నేహితుడితో దొంగ సాక్ష్యం చెప్పించడం పాపమే గాక కొత్త నేరం కూడా.

కోర్టులో నిలిచే సమాధానాలు ఏవి? నేను ఆ ఇంటికి వేరే పని మీద వెళ్లాను. అది ఇద్దరి మధ్య సొంత పందెం, ఎవరూ వ్యాపారం చేయలేదు. ఇంటివాడు రుసుమూ కమీషనూ తీసుకోలేదు. నా అకౌంటుకు వచ్చిన డబ్బు సంగతి నాకు తెలియదు, అనుమానించే కారణమూ లేదు. ఇవి నిజమైతేనే చెప్పండి, లాయరు ద్వారానే చెప్పండి. నిజంగా తప్పు చేసి ఉంటే కూడా, నేరం ఒప్పుకునే ముందు మీ వీసా స్థితి లాయరుకు చెప్పండి. కొన్ని కేసుల్లో కోర్టు డిశ్చార్జ్ ఇస్తే, క్రిమినల్ కోడ్ 730వ సెక్షన్ ప్రకారం అది శిక్ష పడినట్టు లెక్కలోకి రాదు. అలా అడగడం తప్పించుకోవడం కాదు. పౌలు కైసరును కోరినట్టే, చట్టం తెరిచి ఉంచిన తలుపు తట్టడం.

చట్టం ఆగిన చోట

ప్రియులారా, చట్టం ఇంతవరకే చెప్పగలదు. సర్కారు అనుమతించిన క్యాసినో మన క్లోవర్‌డేల్‌లోనే ఉంది. అక్కడ అడుగుపెడితే ఏ పోలీసూ పట్టుకోడు. కానీ లెక్క చూడండి. రెండు సున్నాలున్న రూలెట్‌లో 38 గళ్లు ఉంటాయి. ఎరుపు మీద కాస్తే 18 గళ్లు మనవి, 20 ఇంటివాడివి. కాసిన ప్రతి 100 డాలర్లకు సగటున 5 డాలర్లకు పైగా పోతాయి. లోటో 6/49లో మొదటి బహుమతి అవకాశం 1,39,83,816లో ఒకటి. ఆ యంత్రం నిన్న ఓడిన మనిషిని గుర్తుపెట్టుకోదు. "ఈసారి తప్పక వస్తుంది" అనే ఆశ మన మనసులో ఉంది గానీ ప్రోగ్రాములో లేదు.

నిజంగా గెలిచినా, ఆ గెలుపు ఎవరిది? దొంగిలినవాడు ఇక దొంగిలక, తన చేతులతో పనిచేసి, అక్కరలో ఉన్నవానికి పంచిపెట్టాలని ఎఫెసీయులకు 4:28లో అపొస్తలుడు రాశాడు. పని చేసి సంపాదించినవాడి చేయి పంచడానికి తెరుచుకుంటుంది. పందెంలో నా జేబు నిండాలంటే ఇంకొకరి జేబు ఖాళీ కావాలి. సిలువ కింద సైనికులు చీట్లు వేసి ప్రభువు అంగీని గెలుచుకున్నారు. తలెత్తి చూస్తే వారి కోసం ప్రాణం పెడుతున్నవాడు పైనే ఉన్నాడు. వారి కళ్లు మాత్రం చీటీ మీదే ఉన్నాయి. జూదం మనిషికి చేసే అసలు నష్టం అదే.

సంఘంగా మనం

గలతీయులకు 6వ అధ్యాయం తప్పితంలో చిక్కినవాణ్ణి సాత్వికంతో మంచి దారికి తేవాలని చెబుతోంది. ఒక సహోదరుడు అప్పుల్లో పడ్డాడని తెలిస్తే ఆ వార్తను ప్రార్థన విన్నపం పేరుతో పది ఇళ్లకు చేర్చకండి. వెళ్లి పక్కన కూర్చోండి. చేతికి డబ్బు ఇవ్వడం కంటే అద్దె, ఫీజు నేరుగా కట్టడం మేలు. బీసీలో జూదపు సమస్యకు 1-888-795-6111 నంబరుకు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. క్యాసినోలకు, ప్లేనౌ సైటుకు తానే దూరం పెట్టించుకునే గేమ్ బ్రేక్ అనే కార్యక్రమం ఉంది. అందులో పేరు రాయించడానికి తోడు వెళ్లండి. భార్యలు, తల్లులు సిగ్గుతో దాచుకోవలసిన విషయం ఇది కాదు.

మన సొంత ఇల్లు కూడా చక్కబెట్టుకుందాం. పిక్నిక్‌లో తంబోలా టికెట్లు అమ్మి బహుమతులిచ్చినా, చర్చి నిధి కోసం రాఫెల్ పెట్టినా లైసెన్సు కావాలి. టికెట్ ఉచితంగా ఇచ్చి సరదాగా ఆడించండి, నిధి కోసం నేరుగా కానుక అడగండి. 2013 జనవరిలో దక్షిణ సర్రీలో కొత్త క్యాసినో ప్రతిపాదన వచ్చినప్పుడు ఈ నగర ప్రజలు బహిరంగ విచారణలో మాట్లాడారు. కౌన్సిల్ దాన్ని 5-4 ఓట్లతో తిరస్కరించింది. నోరు తెరిచి మాట్లాడే హక్కు మనకూ ఉంది.

ఈ వారం ఇంట్లో ఒక్క పని చేయండి. భోజనాల దగ్గర మీ పిల్లలను కోపం లేకుండా అడగండి: "నీకు తెలిసినవారెవరైనా ఇందులో ఉన్నారా?" జవాబు ఏదైనా, తిట్టకుండా వినండి. చీకటిలో మోస్తున్న భారాన్ని దించుకోవడానికి ఒక విశ్వాసికి తన ఇల్లే మొదటి ఆశ్రయపురం కావాలి.

తండ్రీ, మా చేతుల కష్టాన్ని ఆశీర్వదించండి. చిక్కుకున్నవారిని విడిపించండి. తప్పు చేసినచోట ఒప్పుకునే ధైర్యాన్ని, నిందపడిన చోట నిలబడే ధైర్యాన్ని మాకివ్వండి. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.